దొరబాబుకి మూడు లీటర్లు

ముసునూరి అవతారం ముప్పైమూడేళ్ళ సర్వీసులో ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయలేదు. ఇది గిట్టనివాళ్ళు వేసిన నింద కాదు, ఆయనే నలుగురిలో కూర్చుని చెప్పుకునే గొప్ప. సొంతంగా రాస్తే ఎక్కడో తప్పు దొర్లుతుంది, పాత ఫైలు చూసి రాస్తే ఆ తప్పు పాతవాడిది అవుతుంది అని ఆయన సిద్ధాంతం. పురాతన దస్త్రాల పరిరక్షణ శాఖవారి జిల్లా కార్యాలయంలో ఆయన సూపరింటెండెంటు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఒక్క మెమో కూడా పుచ్చుకోకుండా ఇంటికి పోవాలన్నది ఆయన కోరిక.

ఆ ఆఫీసునిండా గుడ్డమూటల్లో కట్టిన వందేళ్ళనాటి కాగితాలు. కాగితాలున్నచోట ఎలుకలుంటాయి కాబట్టి ఒక పిల్లి కూడా ఉండేది. ఎర్రచారల మగపిల్లి. దాని వాలకం చూసి ఎవరో దొరబాబు అని పేరు పెట్టారు. సూపరింటెండెంటు బల్ల మీద, ఏ ఫైలు అర్జంటో సరిగ్గా దాని మీదే పడుకునేవాడు దొరబాబు. అవతారానికి భార్య పోయి ఆరేళ్ళయింది. మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పితే ఎదురుగా కూర్చుని, తిన్నావా లేదా అన్నట్టు చూసే ప్రాణి ఆ పిల్లి ఒక్కటే. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు గానీ ఆఫీసంతటికీ తెలుసు.

దొరబాబు తిండి సంగతి వెనకాల క్యాంటీను నడిపే నూకాలమ్మ చూసుకునేది. చేపల తలకాయలు, తోకలు ఉప్పూ కారం లేకుండా బోలెడు నీళ్ళలో ఉడకబెట్టి, ముళ్ళు తీసి, ఆ నీళ్ళతో సహా చట్టిలో పోసేది. దొరబాబు చట్టి నాకి నాకి అద్దంలా చేసేవాడు. విడిగా నీళ్ళు తాగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు, చూడాలని ఎవరికీ తోచనూ లేదు.

ఇలా సుఖంగా రోజులు గడుస్తుండగా, రాజధానిలో ఉండే కమిషనర్ గారు ఆరోగ్యంలో పడ్డారు. చేతికి అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టారు. ఎక్కడికి వెళ్ళినా ఇత్తడి చెంబుతో నీళ్ళు వెంట వచ్చేవి. అదే నెలలో ప్రధాన కార్యాలయంలో ఎవరో పెద్దమనిషికి కావలసిన ఫైలుని ఎలుకలు తినేశాయి. పిల్లి ఉండగా ఇదెలా జరిగిందని విచారణ వేస్తే, పిల్లి నీరసంగా ఉందని తేలింది. కమిషనర్ గారికి వెలుగు కనిపించింది. శాఖలోని పిల్లులన్నీ ఏం తినాలో, ఎంత నీళ్ళు తాగాలో ఒక నియమావళి సాయంత్రంలోగా పంపమని జిల్లాలకి సందేశం వచ్చింది.

డిప్యూటీ డైరెక్టర్ సదాశివమూర్తి గారు మూడున్నరకి అవతారాన్ని పిలిపించాడు. ఆయన ఇంట్లో కూడా వ్యావహారికం మాట్లాడడని ప్రతీతి.

"విషయము మిక్కిలి జరూరు, అవతారం గారూ. అయిదు గంటలకు ముసాయిదా పైకి పోవలెను. ఈ కార్యభారము వహింపదగిన వ్యక్తి తమరు తప్ప నా దృష్టిపథములో వేరొకరు లేరు."

అవతారం పొంగిపోయి సీటుకొచ్చాడు. జూనియర్ అసిస్టెంటు మస్తాన్ వలీ బీరువాలన్నీ వెతికి పెదవి విరిచాడు.

"పిల్లుల మీద పాత ఫైలు లేదు సార్."

"పిల్లుల మీద లేకపోతే మనుషుల మీద ఉందిగా. ఆరేళ్ళ కిందట ఉద్యోగుల ఆహార, జలపాన నియమావళి అని మనమే పంపాం. రాష్ట్రమంతా అమలవుతోంది. తియ్యి."

మస్తాన్ కంప్యూటర్లో తీశాడు. 'ఉద్యోగి' అన్నచోటల్లా 'మార్జాలము' పడేటట్టు ఒక్క మీట నొక్కాడు. నూట పన్నెండు చోట్ల ఉద్యోగి పోయి మార్జాలం వచ్చింది. నాలుగూ ఇరవైకి పని పూర్తయింది. మిగిలిన నలభై నిమిషాలూ అవతారం కామాలు సరిచూశాడు. అక్షరం తప్పు లేదని తృప్తిపడ్డాడే గానీ, వాక్యం చదవలేదు. చదివే అలవాటు ఉంటే ముప్పైమూడేళ్ళు నెగ్గుకొచ్చేవాడా?

వారానికల్లా కమిషనర్ గారి సంతకంతో అది తిరిగొచ్చింది. దానితోపాటు అవతారం పేరిట ఒక ప్రశంసాపత్రం కూడా. అప్పుడు తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుని చదివాడు.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి మార్జాలము దినమునకు మూడు లీటర్లకు తక్కువ కాకుండ నీరు త్రాగవలెను. ఆరోగ్యకరమైన ఆహారమనగా పీచు గల శాకాహారమే యని గ్రహించి, కొర్రలు, సామలు, అరికలు అలవరచుకొనవలెను. మార్జాలము ఒకే కుర్చీలో గంటకు మించి కూర్చొనరాదు. ఉదయసాయంత్రములు అరగంట నడువవలెను. నీరు తగ్గినచో మార్జాలముల దిగుబడి తగ్గును.'

బల్ల మీద దొరబాబు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొత్తం తూచినా నాలుగు కిలోలుండడు. వాడిలో మూడు లీటర్లు ఎక్కడ పడతాయి? లేచి వెళ్ళి డిప్యూటీ డైరెక్టరుతో చెబుదామని గుమ్మందాకా వెళ్ళాడు. అక్కడ ప్రశంసాపత్రం ఇంకోసారి చదువుకున్నాడు. 'తమ మేధాసంపత్తి' అని ఉంది అందులో. మేధాసంపత్తి అన్న మాట ఆయన్ని ఉద్దేశించి ఇదివరకు ఎవరూ వాడలేదు. వెనక్కొచ్చి కూర్చున్నాడు. పైవాళ్ళు సంతకం పెట్టారంటే చూసే పెట్టుంటారు, పిల్లుల గురించి మనకేం తెలుసు అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. మనిషి తన్ను తాను మోసం చేసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, అవతారానికి మూడే పట్టాయి.

మర్నాటి నుంచి అమలు. నూకాలమ్మ చేపల చట్టికి నిషేధం. దాని బదులు ప్రధాన కార్యాలయం పంపిన చిరుధాన్యాల బిళ్ళలు. ఎండి గట్టిగా, నేల మీద పడితే టప్పుమని శబ్దం చేసేవి. పక్కనే మూడు లీటర్లు పట్టే స్టీలు గిన్నె. పదకొండింటికి, ఒంటిగంటకి, మూడింటికి జలగంట కొట్టాలి. గంట కొట్టగానే దొరబాబు బీరువా కిందకి దూరేవాడు.

"నీళ్ళు తాగమని గంట కొడితే తాగడానికి ఆడేవన్నా ఉజ్జోగస్తుడేటండీ," అంది నూకాలమ్మ. "ఆ బిళ్ళలు నేను నానబెట్టి చూసేనండి. గోడకి మేకు కొట్టుకోడానికి పనికొత్తాయండి. పోనీ, నా కూరలో ముక్క ఎయ్యనిత్తారా?"

"నియమావళి ఒప్పుకోదు నూకాలమ్మా."

"నియమావళి ఎవరు రాసేరండీ?"

అవతారం ఫైల్లో తలదూర్చాడు.

పదిరోజులు కొలిచి చూసి, దొరబాబు రోజుకి రెండు చెంచాల నీళ్ళు తాగుతున్నాడని మస్తాన్ తేల్చాడు. ఆ మాట రాసి పంపితే, మిగతా లోటుకి బాధ్యులెవరో సంజాయిషీ ఇవ్వమని పైనుంచి తాఖీదు వచ్చింది. అందుచేత మిగిలిన నీళ్ళు సాయంత్రం మందారమొక్కకి పోసి, గిన్నె ఖాళీ అయినట్టు నమోదు చేయడం మొదలుపెట్టారు. తక్కిన జిల్లాలవాళ్ళు ఇంకా చురుకైనవాళ్ళు. ఒక జిల్లా నాలుగు లీటర్లు తాగించామని రాసి షీల్డు కొట్టుకుపోయింది. ఇంకో జిల్లా ఆఫీసులో అసలు పిల్లే లేదు, అయినా తొంభై శాతం సాధించారు.

ఈలోగా అవతారం పెద్దవాడైపోయాడు. గది బయట 'మార్జాల జలపాన నోడల్ అధికారి' అని బోర్డు పడింది. మూడు జిల్లాలు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. ఒకచోట ఎవరో గుమాస్తా లేచి, మా పిల్లి గిన్నె దగ్గరికే రాదండీ ఏం చెయ్యమంటారు అని అడిగితే, "అయిదో పేరా మనసు పెట్టి చదవండి," అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. అయిదో పేరాలో ఏముందో ఆయనకీ గుర్తులేదు. ఓరి అవతారం, నీకిది ఎలా అబ్బిందిరా అని తనకే ఆశ్చర్యం వేసింది. శాలువా కప్పించుకుని ఇంటికొచ్చి, అద్దంలో రెండుసార్లు చూసుకున్నాడు.

మూడో జిల్లా నుంచి తిరిగొచ్చిన రోజు దొరబాబు బల్ల మీద లేడు. వరండా చివర ఇసకకుప్ప మీద వంగి కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటికీ లేవడు. లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుంటాడు. సన్నగా ఏడుస్తున్నాడు. ఎత్తుకోబోతే చెయ్యి గీరాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ గీరలేదు.

"ఆడికి ఒంటేలు రాట్లేదండి," అంది నూకాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "మీరు దండలేయించుకోడానికెళ్ళేరు. ఈడు రెండ్రోజుల్నించి ఇదే అవస్త."

అవతారం భోజనం మానేసి, దొరబాబుని గుడ్డసంచీలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టర్ హైమావతి నెమ్మదిగా పొట్ట నొక్కి చూసింది. ఏం పెడుతున్నారని అడిగింది. ఆయన చెప్పాడు.

"పిల్లికి దాహం తక్కువండీ. దానికి కావలసిన నీళ్ళు చాలామటుకు తిండిలోంచే రావాలి. ఎండు బిళ్ళలు పెట్టి, పక్కన బిందెడు నీళ్ళు పెడితే తాగదు. మూత్రం చిక్కబడిపోయి ఇసకలా పేరుకుంటుంది. మగపిల్లికి దారి సన్నం, మూసుకుపోతుంది. ఉడికించిన చేపో, కోడిమాంసమో నీళ్ళతో కలిపి పెట్టండి. తాగేనీళ్ళు వెడల్పు గిన్నెల్లో, తిండికి దూరంగా రెండు మూడు చోట్ల ఉంచండి. వీడికి రోజు మొత్తానికి ఒక గ్లాసుడు చాలు. మూడు లీటర్లని ఎవరండీ రాసింది?"

"ఎవరో పైవాళ్ళండి," అన్నాడు అవతారం.

అనగానే సిగ్గుతో చచ్చిపోయాడు. దొరబాబు సంచీలోంచి ఆయన్నే చూస్తున్నాడు.

"ఇప్పటికి చుక్కాచుక్కా వస్తోంది," అంది డాక్టరు మందూ, తిండి మార్చమని ఒక చీటీ ఇస్తూ. "పూర్తిగా ఆగిపోయిందంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. రోజు దాటితే బతకడు."

అవతారం ఆ చీటీ పట్టుకుని తిన్నగా సదాశివమూర్తి గారి గదిలోకి వెళ్ళాడు. తిండి మార్చడానికి అనుమతి కావాలన్నాడు.

"తప్పక మార్చవచ్చును," అన్నాడు సదాశివమూర్తి. "నియమావళి అనుబంధము నాలుగు ప్రకారము, ఆహార మినహాయింపు కోరు మార్జాలము నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకొనవలెను. సంతకము చేయలేనిచో వేలిముద్ర వేయవచ్చును. పిమ్మట వైద్యమండలి యెదుట స్వయముగా హాజరై తన బాధను వాఙ్మూలముగా తెలియజేయవలెను. మండలి రాబోవు గురువారము సమావేశమగును. అన్నట్లు, అనుబంధము తమరు కూర్చినదే కదా, ఎంతటి ముందుచూపు."

చేసేది లేక మస్తాన్ సిరా దిండు తెచ్చాడు. ఒకరు పట్టుకుంటే ఒకరు అద్ది, దొరబాబు కుడి ముందరికాలి ముద్ర వేయించారు. దాన్ని ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాక సదాశివమూర్తి తిప్పి పంపాడు. మగవారికి ఎడమచేతి బొటనవేలు అని నమూనాలో స్పష్టంగా ఉందట. మళ్ళీ వేయించారు. అవతారం పక్కన నిలబడి, అన్నీ సక్రమంగా ఉన్నాయో లేదో చూశాడు. అంత బాధలోనూ కాగితానికి ఎడమపక్క మార్జిను సరిగ్గా వదిలారా లేదా అని చూశాడు. ఆ సంగతి తరవాత తలుచుకుని తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనుకున్నాడు.

మర్నాడే కమిషనర్ గారి రాక. రాష్ట్రంలో ఆదర్శ మార్జాలంగా దొరబాబు ఎంపికయ్యాడు. పదకొండింటికి జలగంట కొట్టడం, వాడు సభికుల ఎదుట నీళ్ళు తాగడం, ఫొటోలు, ఆ తరవాత అవతారానికి 'జలరత్న' బిరుదు, అదీ కార్యక్రమం.

తెల్లారి ఆఫీసు తలుపు తీస్తూనే మస్తాన్ ఎదురొచ్చాడు.

"నిన్న సాయంత్రం నుంచి ఇసక పొడిగానే ఉంది సార్. చుక్క కూడా లేదు."

అవతారం సదాశివమూర్తి దగ్గరికెళ్ళి, ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు. "సభ ముగిసిన తదుపరి," అన్నాడాయన చేమంతి దండ సర్దుకుంటూ. అవతారం నోరు మూసుకుని వచ్చేశాడు. ఎందుకొచ్చేశాడంటే ఏం చెప్పగలడు? పద్నాలుగు నెలలు. మెమో లేని సర్వీసు. ఇంకో గంటేగా అనుకున్నాడు.

వేదిక మీద పట్టుగుడ్డ పరిచిన బల్ల. దాని మీద స్టీలు గిన్నె, గిన్నెకి బొట్లు. పక్కన మెడలో రిబ్బనుతో దొరబాబు. కళ్ళు సగం మూసుకుని, ముడుచుకుని, కదలకుండా ఉన్నాడు. కమిషనర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. నీరు తాగే జాతే ప్రగతి సాధిస్తుందని, శాఖలోని మార్జాలాలు ఆ దారిలో మనుషులకి ముందు నడుస్తున్నాయని చెప్పారు. తరవాత గంట కొట్టారు. దొరబాబు చెవి కూడా కదపలేదు. మళ్ళీ కొట్టారు. సదాశివమూర్తి వాడి మూతిని గిన్నె వైపు నెట్టాడు. వాడు గొంతులోంచి ఒక్క మూలుగు మూలిగాడు.

అవతారం లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు ఆయనకే కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"ఆ నియమావళి తప్పండి. రాసింది నేనే. రాయడం కూడా కాదు, ఉద్యోగుల నియమావళిలో ఉద్యోగి అన్నచోట మార్జాలము అని మార్చాను, అంతే. మనిషికి మూడు లీటర్లుంటే పిల్లికీ మూడు లీటర్లయింది. పిల్లి చచ్చిపోతోందండి. దయచేసి ఆపించండి."

కమిషనర్ గారు ఇత్తడి చెంబు కిందపెట్టారు.

"మరి ఆ ఉద్యోగుల నియమావళి ఎవరు రాశారు?"

"అదీ నేనేనండి."

"దేన్ని ఆధారం చేసుకుని?"

ఇక దాచి ఏం లాభం?

"పాడిగేదెల పోషణ అని ఒక కరపత్రం ఉండేదండి. అందులో గేదె అన్నచోట ఉద్యోగి అని పెట్టాను. తవుడుకి కొర్రలు, కట్టుగొయ్యకి కుర్చీ. గేదెకి అరవై లీటర్లుంది. మనిషి కదా అని ఇరవయ్యో వంతు చేశాను."

ఆరేళ్ళుగా పొద్దున్నే కొర్రలజావ తాగి, గంటకోసారి కుర్చీలోంచి లేస్తున్న సదాశివమూర్తి గారి మొహం చూసి తీరవలసిందే. వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. కమిషనర్ గారు మాత్రం చలించలేదు. ఒక నిమిషం ఆలోచించి మైకు దగ్గరికి జరిగారు.

"చూశారా మిత్రులారా. మన నియమావళికి మూలం పశుపోషణ శాస్త్రమని ఇప్పుడే ధ్రువపడింది. అది మనుషులకే పనికొచ్చినప్పుడు, స్వతహాగా జంతువైన మార్జాలానికి ఇంకెంత పనికొస్తుంది? మార్పు అవసరం లేదు."

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్లలో అవతారం వేదికెక్కి, రిబ్బను తెంపి, దొరబాబుని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఈసారి వాడు గీరలేదు. గీరే ఓపిక లేదు.

"కార్యక్రమము ముగియలేదు," అన్నాడు సదాశివమూర్తి అడ్డంగా నిలబడి. "అది కార్యాలయ మార్జాలము. అనుమతి లేక తరలింపరాదు."

"తప్పుకోండి సార్," అన్నాడు అవతారం. "వీడు పోతే నాకెవరున్నారు?"

సదాశివమూర్తి పక్కకి జరిగాడు. బయట నూకాలమ్మ అప్పటికే ఆటో ఆపి ఉంచింది.

డాక్టర్ హైమావతి దొరబాబుకి మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి దారి తెరిచింది. ఇంకో గంట ఆలస్యమైతే చేతులెత్తేసేదాన్నని చెప్పింది. అప్పటికే పోయిన గంటలు ఎక్కడ పోయాయో అవతారానికి బాగా తెలుసు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, నూకాలమ్మ చూస్తుండగానే ఏడ్చాడు. ఆవిడ టీ తెప్పించి చేతిలో పెట్టింది.

మూడోరోజు పొద్దున గొట్టం తీసేశారు. ఇక దొరబాబు తనంతట తను ఒంటేలు పోస్తేనే గండం గడిచినట్టు, లేకపోతే మళ్ళీ మొదటికొచ్చినట్టు అని డాక్టరు చెప్పింది. నూకాలమ్మ గిన్నెలో చేపనీళ్ళు తెచ్చింది. దొరబాబు వాసన చూశాడు, మొహం తిప్పుకున్నాడు, మళ్ళీ చూశాడు, కాసిని నాకాడు. తరవాత నెమ్మదిగా నడిచొచ్చి అవతారం ఒళ్ళో ఎక్కి పడుకున్నాడు. పదయింది, పన్నెండయింది. అవతారం కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.

అప్పుడు మస్తాన్ వలీ తలొంచుకుని వచ్చి ఒక కవరు ఇచ్చాడు.

"నన్నే టైపు చెయ్యమన్నారు సార్. ఏమీ అనుకోకండి."

అవతారం విప్పి చదవడం మొదలుపెట్టాడు. 'కార్యాలయ మార్జాలమును సభామధ్యమున అనధికారికముగా అపహరించినందులకు, మరియు సంతకమైన నియమావళిని తప్పని ప్రకటించి శాఖాగౌరవమునకు భంగము కలిగించినందులకు, తమపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో...' రెండో పేరా దాకా వచ్చేసరికి పంట్లాం మీద వెచ్చగా తగిలింది. ముందు ఏమిటో అర్థం కాలేదు. ఆ వెచ్చదనం తొడ మీదుగా పాకి, మోకాలి దాకా దిగి, చెప్పులోకి కారింది.

కాగితం జారి కిందపడింది. అవతారం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, కదిలితే ఎక్కడ ఆపేస్తాడో అని.

"డాక్టరమ్మా," అని పిలిచాడు.

హైమావతి లోపలి గదిలోంచి తొంగిచూసింది. "పోశాడా? ఎంత పోశాడండీ?"

"బాగా పోశాడు తల్లీ," అన్నాడు అవతారం, కళ్ళనీళ్ళు చెంపల మీదుగా దిగుతుంటే తుడుచుకోకుండా. "చాలా బాగా పోశాడు."